మా ఆవిడకి వీలుపడదు

ఆదివారం ఉదయం ఆ ఇంట్లో ఎవరి పనిలో వాళ్ళున్నారు. పెద్దావిడ కిటికీ పక్కన కూర్చుని, తుంటి విరిగిన నాటినుంచీ తోడైన చేతికర్రను ఒడిలో పెట్టుకుని, వీధిలో పోయేవాళ్ళ మీద వ్యాఖ్యానం చేస్తోంది. ఆవిడ కొడుకు యూనివర్సిటీలో బయాలజీ విభాగానికి హెడ్డు. సెలవు రోజున పేపర్లోంచి తల ఎత్తకపోవడం ఆయన జన్మహక్కు. కోడలు బట్టలు మడతపెడుతోంది.

ఆమె కూడా ఒకప్పుడు ఆ విభాగంలోనే పాఠాలు చెప్పింది. ముందు కూతురి కోసం మానుకుంది, కూతురు హాస్టలుకి వెళ్ళాక అత్తగారి తుంటి కోసం మానుకుంది. ఈ వేసవిలో పీజీ విద్యార్థులకు ఎంబ్రియాలజీ, అంటే పిండాల ఎదుగుదల, చెప్పడానికి పార్ట్ టైమ్ లెక్చరర్ కావాలని ప్రకటన పడితే, గుండె చిక్కబట్టుకుని దరఖాస్తు పెట్టింది. జీతం చెప్పుకునేంత లేదు. అయినా ఆ నెలంతా పుస్తకాలు ముందేసుకుని, పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చి, అద్దానికి పాఠాలు చెప్పింది. పిలుపు మాత్రం రాలేదు. "ఈసారి వేరేవాళ్ళని తీసుకున్నారు" అని ఆయన బూట్లు విప్పుకుంటూ చెప్పాడు. అప్పటినుంచీ ఆమె నవ్వడం తగ్గించింది.

కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఎదురుగా ఒక యువతి. గుడ్ల అట్టను పసిబిడ్డలా రెండు చేతులా పట్టుకుని ఉంది.

"నమస్తే మేడమ్. కొత్తగా చేరిన పార్ట్ టైమ్ లెక్చరర్ని. సార్ రమ్మన్నారు."

ఆయన పేపరు దించి నాలుక కరుచుకున్నాడు. "నీకు చెప్పడం మర్చిపోయాను. రేపు ఈ అమ్మాయికి ప్రాక్టికల్ ఉంది. లోపలి పిండం కనబడేలా గుడ్డు పెంకుకి కిటికీ కొయ్యడం కాస్త చూపించు. నీ అంత బాగా ఎవరికొచ్చు?"

అది పొగడ్తో, పుండు మీద కారమో ఆయనకు తెలియదు. ఆమె భోజనాల బల్ల ఖాళీ చేసింది.

పొదిగించిన గుడ్డును తువ్వాలు మీద పక్కకి పడుకోబెట్టి, మొద్దువైపు బెజ్జం చేసి, సిరంజితో కొద్దిగా తెల్లసొన లాగింది. పైన టేపు అంటించింది. "ఇలా తీస్తే పిండం పెంకుకి దూరంగా కిందికి దిగుతుంది. అప్పుడు కొయ్యాలి. తొందరపడ్డావో, దాని నెత్తినే కత్తెర పెట్టినట్టు."

పెద్దావిడ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. "ఆమ్లెట్ వేస్తారనుకుంటే ఆపరేషన్ చేస్తున్నారేమిటర్రా!"

కోడలు చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది. సన్నటి కత్తెరతో గుండ్రంగా కోసి పెంకుముక్క ఎత్తింది. పచ్చసొన మీద ఎర్రటి చుక్క ఒకటి ఆగకుండా కొట్టుకుంటోంది.

"గుండె!" అంది కొత్త లెక్చరర్, బల్ల మీదికి వంగి.

"గోల చేసే పిల్లలు కూడా ఇక్కడికొచ్చేసరికి నోరు మూసేస్తారు. అప్పుడు నువ్వూ మాట్లాడకు. కాసేపు చూడనివ్వు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె వెన్ను నిటారుగా నిలబడింది. ఆ క్షణంలో ఆమె క్లాసులోనే ఉంది.

రెండో గుడ్డు మొదలుపెట్టింది.

"మేడమ్, మీకు థాంక్స్ చెప్పుకోవాలి. ఈ ఉద్యోగం అసలు మీదే కదా. సెలక్షన్ కమిటీలో అందరూ మీ పేరే ముందు పెట్టారట. ఇంట్లో పెద్దావిడ ఉంది, మా ఆవిడకి వీలుపడదు అని సార్ చెప్పబట్టి నాదాకా వచ్చింది. మీరు వద్దనుకోకపోతే నేను ఈ ఏడాది కూడా ట్యూషన్లతోనే సరిపెట్టుకునేదాన్ని."

కత్తెర మొన లోపలికి దిగిపోయింది. పచ్చసొనంతా ఎర్రగా చెదిరింది.

"అయ్యో, మేడమ్!"

"ఇది పోయిందమ్మా. ఇంకొకటి ఇటివ్వు."

మూడో గుడ్డు ఆ అమ్మాయి చేతే కోయించి, బాగా కోశావని మెచ్చుకుని, గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది. తలుపు గడియ పెట్టి వెనక్కి తిరిగింది.

"నన్ను ఎప్పుడు అడిగారండీ, వీలుపడుతుందా లేదా అని?"

ఆయన పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు. "అది కాదు... కమిటీలో నేనూ ఉన్నానాయె. మొగుడు హెడ్డు, పెళ్ళాం లెక్చరర్ అని నలుగురూ నాలుగు రకాలుగా అంటారు."

"అంత భయమైతే లేచి బయట కూర్చోవాల్సింది. నా తరఫున జవాబెందుకు చెప్పారు?"

"అమ్మని ఎవరు చూస్తారని..."

"నన్ను అడ్డం పెట్టకురా!" పెద్దావిడ కర్ర నేలకేసి కొట్టింది. "ఇది చదువుకుంటున్న ఆ నెలంతా గోడ పట్టుకుని ఒక్కదాన్నే స్నానానికి వెళ్ళడం నేర్చుకున్నాను. ఎందుకనుకున్నావు? ఇది క్లాసుకి పోతే నా పని నేను చూసుకోవాలని. నన్నైనా అడిగావా?"

కోడలు అరవలేదు. అరిచి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

"నేను పనికిరానని తేల్చేశారనుకున్నాను. నా చదువు పాతబడిపోయింది, ఇక నేనింతే అని ఎన్నిసార్లు ఏడ్చానో మీకు తెలుసు. ఊరుకో, ఊరుకో అని నా వీపు నిమిరారు. అన్నీ తెలిసి నిమిరారు."

మధ్యాహ్నం ముగ్గురూ అదే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు.

"రేపే వెళ్ళి కమిటీకి నిజం చెప్పేస్తాను. ఆ అమ్మాయిని మార్చి..."

"ఆ పిల్లనేం చెయ్యకండి. తను మాత్రం ఎన్నాళ్ళు ఎదురుచూసిందో. పైగా చెయ్యి నిలకడైనది." ఆమె కంచం పక్కకి జరిపింది. "వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు పెడతాను. ఆవిడకి వీలుపడుతుందా అని వాళ్ళు మళ్ళీ మిమ్మల్నే అడుగుతారు. అప్పుడేం చెప్తారు?"

ఆయన చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు.

"ఆవిడనే అడగండి, అంటాను."

నోట్లోంచి వచ్చాక గానీ అదెంత చిన్న మాటో ఆయనకు తెలిసిరాలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తల్లి ముందే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలికీ కన్నీళ్ళు ఆగలేదు.

"అంతేనండీ," అంది. "అప్పుడు అంతే అనాల్సింది."