జామీనుగా ఉంచిన కొడుకు

ఆ ఉదయం థార్న్‌హోప్ కోట వంటింట్లోంచి బార్లీ రొట్టెలు కాలుతున్న వాసన హాల్లోకి వస్తోంది. కిటికీ దగ్గర పీట మీద కూర్చుని హవీస్ ఓ చొక్కా చేతులకు కుట్లు విప్పుతోంది. ఎదురుగా కొడుకు వారిన్ చేతులు చాపి నిలబడ్డాడు.

"తొమ్మిదేళ్లూ ఏడాదికో చొక్కా కుట్టానురా! నువ్వెంత పెరిగావో నాకేం తెలుసు? పిండిమర వాడి కొడుకు నీ ఈడువాడే కదా అని వాడికి తొడిగి కొలత చూసుకున్నాను. ఆ దిక్కుమాలినవాడేమో పొట్టివాడై ఊరుకున్నాడు!" అంది ఆమె.

వారిన్ ఫక్కున నవ్వాడు. అతను ఇంటికొచ్చి ఆరు రోజులైంది. ఇన్నాళ్లకు ఆ నవ్వు విని, పెద్ద కుర్చీలో కూర్చున్న తండ్రి ఓడినెల్‌కు ప్రాణం లేచొచ్చింది. తనూ నవ్వబోయాడు. కొడుకు అటు తిరిగి తండ్రిని చూసి నవ్వు ఆపేశాడు.

ఓడినెల్ మామూలు మనిషి కాడు. ఇరవయ్యో ఏట వేల్స్ యుద్ధంలో వీరబిరుదు పొంది నైట్ అయ్యాడు. గాస్కనీ యుద్ధంలో రెండుసార్లు చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. రాజసభలో బారన్‌లనే పెద్ద ప్రభువుల వరసలో ఆయనకు పీట ఉంది. ఇదంతా సంపాదించుకునే దారిలో ఒకసారి స్కాట్లండ్ వాళ్లకు పట్టుబడ్డాడు. వాళ్లు ఆయన్ని వదలడానికి పదకొండేళ్ల వారిన్‌ను జామీనుగా ఉంచుకున్నారు. పోయిన నెల కొద్దినాళ్ల సంధి కుదిరి, ఖైదీలను మార్చుకున్నాక గాని వారిన్ ఇల్లు చేరలేదు. వెళ్లినవాడు పసివాడు. వచ్చినవాడు తండ్రి కన్నా జానెడు పొడుగు, తండ్రితో ముక్తసరి మాట.

ఓడినెల్ గొంతు సవరించుకున్నాడు. "వారిన్, నిన్న రాజుగారి ఉత్తరం వచ్చింది. సంధి గడువు తీరిపోతోందట. వచ్చే నెల సైన్యం ఉత్తరానికి కదులుతుంది. నా మోకాళ్లు ఇక గుర్రం మీద నిలవవు. నా జెండా పట్టుకుని నువ్వెళ్లాలి. రాజుగారే స్వయంగా నిన్ను నైట్‌ను చేస్తారు."

"ఉత్తరానికి వెళ్తాను. మీ జెండాతో కాదు" అన్నాడు వారిన్. తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నా భార్య అక్కడుంది. మూడు నెలల కూతురుంది. వచ్చిన రోజు నుంచీ చెబుదామనే చూస్తున్నాను. నువ్వు పెట్టెలోంచి చొక్కాలు తీస్తూనే ఉన్నావు."

హవీస్ చేతిలో సూది ఆగిపోయింది. "ఎవరి పిల్లరా?"

"సర్ ఇంగ్రమ్ కూతురు మారియోట."

ఓడినెల్ కుర్చీలోంచి లేచాడు. "నిన్ను ఖైదు చేసినవాడి కూతురా! శత్రువు ఇంటికి అల్లుడివయ్యావా? సిగ్గులేదట్రా?"

"ఆ శత్రువు తాను తిన్న రొట్టే నాకూ పెట్టాడు."

"తొమ్మిదేళ్లు నిన్ను పంపకుండా మీ అమ్మ ఉసురు పోసుకున్నాడు! అది మరిచిపోయావా?"

వారిన్ మెల్లగా అడిగాడు. "ఆయనే పంపలేదని అమ్మకు చెప్పారా?"

"మరింకేం చెప్పాల్రా?" అంది హవీస్, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. ఓడినెల్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"నన్ను అక్కడ వదిలిన రోజు ఈయన సువార్త మీద చెయ్యేసి ఒట్టు పెట్టారమ్మా. ఏడాదిపాటు స్కాట్లండ్ మీద కత్తి ఎత్తనని. ఆ ఒట్టుకే నేను జామీను. ఏడాది తిరగగానే నన్ను పంపేసేవారు. మూడు నెలలకే రాజుగారి సైన్యంతో పాటు ఈయన జెండా మా ఏటి ఒడ్డున కనబడింది. ఇంగ్రమ్ గారి కోట గోడ మీంచి అందరికన్నా ముందు గుర్తుపట్టింది నేనే. మా నాన్న వచ్చాడని చప్పట్లు కొట్టాను."

వారిన్ తల్లి పీట పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఆ సాయంత్రం పెరట్లో నా కోసం ఉరితాడు వేశారు. ఇంగ్రమ్ గారి భార్య లోరా దొరసాని నన్ను తన పైబట్టలో చుట్టేసుకుని, ముందు నన్ను ఉరితీయండి, తర్వాత వీణ్ణి, అని అడ్డం నిలబడింది. ఆ తాడును రెండు రోజులు విప్పలేదు."

"ఏమండీ, నిజమేనా?" అంది హవీస్.

ఓడినెల్ బూడిద రంగు గడ్డం నిమురుకున్నాడు. "అప్పుడు రాజుగారు యుద్ధానికి పిలుస్తూ రాసిన ఉత్తరంలో మొదటిసారి నా పేరు బారన్‌ల వరసలో రాశారు, హవీస్. అప్పుడు కాదంటే ఇక జన్మలో పిలుపు రాదు. పసివాణ్ణి చంపరులే అనుకున్నాను."

"అనుకున్నారా, తెలుసా?"

"అనుకున్నాను."

హవీస్ చొక్కాను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. ఆమె కేకలు వేసి ఉంటే ఓడినెల్‌కు తేలికగా ఉండేది. "తొమ్మిదేళ్లుగా పొద్దున్నే లేచి ఆ ఇంటి ఇల్లాలిని శపించానండీ. ముందు ఆమెకు శాపం, తర్వాతే దేవుడికి దండం. నా బిడ్డను దాచిన తల్లిని!"

మర్నాడు వారిన్ గుర్రమెక్కాడు. తల్లిని కౌగిలించుకున్నాడు. తండ్రికి తల వంచి నమస్కరించాడు, పొరుగూరి పెద్దమనిషికి చేసినట్టు.

ఆ వారమే ఓడినెల్ రాజుగారికి జవాబు రాయించాడు. తానూ రాననీ, మనుషుల్నీ పంపననీ. తొమ్మిదేళ్ల కిందట రాయాల్సిన జవాబు అది. సైన్యం ఆయన లేకుండానే వెళ్లింది, వానలకు బురదలో చిక్కుకుని క్రిస్మస్‌కు ముందే తిరిగొచ్చింది, మళ్లీ సంధి కుదిరింది. తర్వాతి సభకు థార్న్‌హోప్‌కు పిలుపు రాలేదు. ఆ పీటలో ఇంకెవరో కూర్చున్నారని విన్నాడు. దాని కోసం ఇంత చేశానా అనిపించింది గాని, దానికి ఏడుపు కూడా రాలేదు. చలికాలమంతా భార్య ఆయనకు అన్నీ అమర్చింది, మాట మాత్రం పొదుపుగా ఆడింది.

మంచు కరిగాక ఒక ఉదయం ఆమే అంది. "నేను ఆ తల్లి దగ్గరికి వెళ్తున్నాను. వస్తారో రారో మీ ఇష్టం."

ఆయన వెళ్లాడు.

ఇంగ్రమ్ గారి వాకిట్లో అందరూ నిలబడ్డారు. హవీస్ గుర్రం దిగుతూనే లోరా దొరసాని రెండు చేతులూ పట్టుకుని, చెప్పాలనుకున్నది ఒక్కటీ చెప్పలేక ఏడ్చేసింది. ఓడినెల్ కష్టం మీద మోకాళ్లు వంచి, తడి నేల మీద కూర్చున్నాడు.

"సర్ ఇంగ్రమ్, మీకిచ్చిన మాట తప్పాను. అంతకన్నా ముందు నా కొడుకు పట్ల తప్పు చేశాను. అది వాడి ఎదుట చెప్పాలని వచ్చాను."

ఇంగ్రమ్ కన్నా ముందు లోరాయే అంది. "లేవండి బాబూ. మాట తప్పింది మీరైతే, పసివాడికి తాడు వేసింది మా మగవాళ్లు. సిగ్గు మీ ఒక్కరిదే కాదు."

ఓడినెల్ లేవబోయాడు గాని మోకాళ్లు సహకరించలేదు. వారిన్ వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు. "నేల చెమ్మగా ఉంది" అన్నాడు, అంతే. కానీ ఇంట్లో పొయ్యి పక్క బల్ల దాకా ఆ చెయ్యి వదల్లేదు.

మారియోట పిల్లను తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్ల భయపడకుండా ఆయన గడ్డం పట్టుకుని గుంజింది.

"బరువుగా ఉంది కదండీ మామగారూ? ఈయన కూడా ఈ వయసులో ఇలాగే బొద్దుగా ఉండేవారా?" అని ఆ అమ్మాయి ముచ్చటగా అడిగింది.

ఓడినెల్ ఆలోచించాడు. వారిన్ పసివాడుగా ఉన్న ఆ ఏడు తాను దాటిన నదులు, పడగొట్టిన గోడలు, చచ్చిపోయిన గుర్రాల పేర్లతో సహా గుర్తొచ్చాయి.

"తెలీదమ్మా. నేనప్పుడు ఇంట్లో లేను" అన్నాడు.

చెప్పాక ఆయన కళ్లు ఆగలేదు. పిల్ల తడిసిన గడ్డాన్ని వదిలి వింతగా చూసింది. మారియోట కంగారుగా చేతులు చాచింది. వారిన్ వద్దన్నట్టు తల ఊపి, బల్ల మీద తండ్రి పక్కన జాగా చేసుకుని కూర్చున్నాడు.