తువ్వాల కింద బేరం

మైలార్‌దేవ్‌పల్లిలో వరప్రసాద్ పాత కార్లు అమ్మే జాగాకు గోవర్ధన్ ఆ ఎండాకాలమంతా ప్రతి ఆదివారమూ పోయాడు. కొనేదీ లేదు, పెట్టేదీ లేదు. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఏదైనా వచ్చిందేమోనని ఒక చుట్టు చుట్టి, వరప్రసాద్ ఇప్పించిన చాయ్ తాగి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు.

అది 2012. శంషాబాద్ విమానాశ్రయం సరుకుల గోదాములో గోవర్ధన్‌ది కాంట్రాక్టు కొలువు. పగలు ఎవరివో పెట్టెలు ఎక్కించి దించేవాడు. డ్యూటీ దిగాక గేటు ముందు నలుగురిని పోగేసి "అభివృద్ధి ఎవరి కోసం?" అని గొంతు చించుకునేవాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. తండ్రి దున్నిన చెలక మీద ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి. పరిహారం చుట్టంలా వచ్చి చుట్టంలానే పోయింది. భూమి గుంజుకుని, అదే భూమి మీద కూలి పని ఇచ్చి, దానికి ఉపాధి అని పేరు పెట్టారు. ఆ మాట విని నెత్తురు మరగనివాడి ఒంట్లో నెత్తురే లేనట్టు లెక్క.

కానీ ఆ కోపం పక్కనే ఒక కోరిక కూడా కాపురముండేది. ఔటర్ రింగ్ రోడ్డు మీద నేలను నాకుతున్నట్టు పోయే ఎర్ర బండ్లను చూస్తే అతని అరికాళ్లు జివ్వుమనేవి. మా మట్టి మీద రోడ్డేసుకుని వేగం మాత్రం మీ సొంతమా? ఒక్కటైనా మాకు దక్కొద్దా? ఇదీ అతని వాదం. నినాదానికి నినాదం, కోరికకు కోరిక.

"రెండే సీట్లా?" అని అడిగింది భార్య సంతోషి.

"రెండే."

"మరి గీడేడ కూసుంటడు? డిక్కిలనా?" అంటూ కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఏడో నెల. లోపలివాడు సాయంత్రమైతే చాలు, కాళ్లతో దరువేసేవాడు. "మీటింగుల రైతు రైతు అని ఒర్రుతవు. లోపట మాత్రం దొరోడు కూసున్నడు నీకు."

గోవర్ధన్ నవ్వేశాడు కానీ ఆ మాట ముల్లులా దిగింది. బీరువాలో రెండు లక్షలున్నాయి. కాన్పుకు, ఆ తరువాత ఒక ట్రాలీ ఆటోకు అని దాచినవి. ఇంకొకరి కింద పని చేయకుండా బతకడానికి వాళ్లిద్దరికీ ఉన్న దారి అదొక్కటే. అది అతనికీ తెలుసు. తెలిసీ ఆదివారం వస్తే కాళ్లు అటే నడిచేవి.

ఆ ఆదివారం వరప్రసాద్ చాయ్ గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఒకటుందండీ గోవర్ధన్ గారూ. హిమాయత్ సాగర్ అవతల, కుర్మయ్య అని ఓ పెద్దాయన దగ్గర. ఎర్ర బండి. కొడుకు పోయాడు, బండి మిగిలింది. మూడు లక్షలకిస్తానంటున్నాడు. బయట దాని ఖరీదు మీకు తెలుసు కదా."

"మరి మీరే పట్టుకోవచ్చు గదా సార్?"

"వెళ్లానండీ. కూర్చున్నాను కూడా. బేరం మొదలెట్టకుండానే లేచొచ్చేశాను." గుంటూరు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా పోని మర్యాదతో అన్నాడు. "ఏం కనపడలేదండీ. ఏం వినపడలేదు. ఆ సీట్లో కూర్చుంటే... పక్కన చోటు లేదనిపించింది. అంతే."

గోవర్ధన్ పకపకా నవ్వాడు. భయం కూడా వీళ్లకు ఓ వ్యాపారమే, ధర తగ్గించడానికి పనికొస్తుంది అనుకున్నాడు. తన మోటారు సైకిలు కిక్కు కొట్టి సాగర్ దారి పట్టాడు.

పోయేసరికి దీపాలు పెట్టే వేళయింది. దీపాలు మాత్రం లేవు. ఆ ఏడు కరెంటు కోతలు అట్లా ఉండేవి. ఊరంతా మసక. దూరంగా విమానాశ్రయం మీద మాత్రం ఆకాశం తెల్లగా వెలుగుతోంది. వాళ్లకు కోత ఉండదు.

కుర్మయ్య బక్కపల్చటి మనిషి. భుజాన తువ్వాల. ఏమీ అడగకుండానే ఇంటి వెనక పశువుల కొట్టంలోకి తీసుకుపోయాడు. పశువుల్లేవు. గుంజలున్నాయి, గాడి ఉంది, మధ్యలో టార్పాలిన్ కప్పుకుని బండి ఉంది.

"నాలుగేండ్ల కింద నాలుగెకరాలు పోయినయి. ఎడ్లను అమ్మినం. పైసలన్ని మావోడు దీనికే వెట్టిండు," అన్నాడు కుర్మయ్య. "జగదీశ్. నీయంతనే ఉంటుండె. రోజూ పొద్దూకంగనే తీస్తుండె. ఏడికి పోతవ్‌రా అంటే, పొలం కాడికి బాపూ అంటుండె. పొలమేడుంది? ఎయిర్‌పోర్టు గోడున్నది. గా గోడ కాడ్నే..." టార్పాలిన్ లాగాడు. మిగతా మాట దానితోపాటే జారిపోయింది.

ముందు భాగం ఎడమవైపు కొంచెం నొక్కుకుపోయింది. తక్కినదంతా కొత్త పెళ్లికూతురే. గోవర్ధన్ మనసు పారేసుకున్నాడు. స్టీరింగు ముందు కూర్చున్నాడు. సీటు అతని నడుమును ఎరిగినట్టు పట్టుకుంది.

కుర్మయ్య తువ్వాల తీసి ఎడమవైపు కిటికీలోంచి లోపల గేరు మీద పరిచాడు.

"మేం బేరం గిట్లనే జేస్తం బిడ్డా. అంగట్ల ఎడ్లనైనా గంతే. ధర నోటితోని జెప్పొద్దు, వేళ్లతోని జెప్పాలె. తువ్వాల కింద. బేరం తెగేదాక నోరిప్పొద్దు."

"తెలుసు కాకా. మా నాయినతోని అంగడికి వోయిన."

"అయితే మంచిది. జర కూసో. కందీలు దెస్త. వచ్చినంక ముందుగాల లెక్క జెప్పుకుందం."

చెప్పుల చప్పుడు ఇంటివైపు పోయింది.

గోవర్ధన్ కళ్లు మూసుకున్నాడు. ఊహలోనే ఔటర్ మీదికి ఎక్కాడు. కొట్టంలో పేడ వాసన ఎప్పుడో చచ్చిపోయింది. ఉన్నది వేరే వాసన. తొలకరికి నాగలి తిప్పిన నేల వాసన. మే నెలలో, నాలుగేళ్లుగా ఏ ఎద్దూ తొక్కని కొట్టంలో అది ఎక్కడిదని అతనికి అప్పుడు తట్టలేదు. బాగుందనిపించింది. చిన్నప్పటి వాసన కదా.

ఎడమవైపు తలుపు తెరుచుకుంది. మూసుకుంది. పక్క సీటు కిర్రుమని కుంగింది.

"కందీలు దొరకలేదా కాకా?"

జవాబు లేదు. అవును, నోరిప్పొద్దు కదా. పెద్దాయన బేరానికి దిగిపోయాడన్నమాట. గోవర్ధన్ చీకట్లోనే చిన్నగా నవ్వుకుని, కుడి చెయ్యి తిప్పి తువ్వాల కిందికి పోనిచ్చాడు.

అక్కడ చెయ్యి సిద్ధంగా ఉంది.

చల్లగా ఉంది. కుండలో చెయ్యి పెట్టి వచ్చుంటాడు. తడిగా కూడా ఉంది. మెత్తగా ఉంది... కాయలు లేవు, బొబ్బలు లేవు. గోవర్ధన్ మనసు కలుక్కుమంది. నాగలి పట్టిన చెయ్యి! నాలుగేళ్లలో ఇంత మెత్తబడింది. భూమి పోయిన రైతు అరచెయ్యి ఇట్లా ఉంటుందని వచ్చే మీటింగులో చెప్పాలి అనుకున్నాడు. పొరపాటున కూడా ఇంకోలా అనుకోలేదు.

ఆ చెయ్యి అతని మూడు వేళ్లను కలిపి పట్టింది.

మూడు.

గోవర్ధన్ దాని రెండు వేళ్లు పట్టాడు.

ఆ చెయ్యి ఆలోచించలేదు. వెంటనే అతని రెండు వేళ్లు పట్టుకుంది. సరే అంది. అక్కడితో ఆగాలి. బీరువాలో ఉన్నది అంతే, అడిగింది అంతే, ఒప్పుకున్నదీ అంతే. కానీ ఇంత తొందరగా దిగినవాడు ఇంకా దిగడా? కాన్పుకు కొంత మిగలదా? కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని రైతు గోసను వందసార్లు మైకులో చెప్పినవాడు, కొడుకు పోయిన రైతు వేళ్లను వదిలించుకున్నాడు. వదిలించుకుని, ఒక్క వేలు పట్టాడు.

ఒకటి.

ఆ చెయ్యి కదల్లేదు.

చాలాసేపు...

ఎక్కడో కుక్క మొరగబోయి ఆగిపోయింది. మట్టి వాసన చిక్కబడింది. పక్కన ఊపిరి వినపడాలి కదా అని గోవర్ధన్‌కు అప్పుడు తోచింది. చెవులు రిక్కించాడు. ఊపిరి లేదు. అతనిదే ఉంది.

చెయ్యి కదిలింది. తొందరేమీ లేకుండా వచ్చి అతని చూపుడువేలు ఒక్కదాన్నే పిడికిట్లోకి తీసుకుంది. బిగించింది. నొప్పి పుట్టేదాకా... ఎముక తెలిసేదాకా... ఊపి వదిలింది.

బేరం తెగింది.

"ఇగ సుర్వు జేద్దామా బిడ్డా?"

గొంతు పక్క సీట్లోంచి రాలేదు. ఎదుటి నుంచి వచ్చింది. కొట్టం గుమ్మంలో కుర్మయ్య, కందీలు ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కందీలు. ఇంకో చేతిలో నీళ్ల చెంబు.

గోవర్ధన్ పక్కకు చూశాడు. సీటు ఖాళీ. నడుమ గుంట మాత్రం ఇంకా మెల్లగా పైకి లేస్తోంది.

"కాకా... నువ్వు... ఇప్పుడేగా కూసున్నవు ఇక్కడ?"

"గక్కడెట్ల కూసుంట? గా తలుపు తెరుచుకోదు. గుద్దుకున్న నాటి సంది వట్టుకున్నది. నేను బయటనే నిలవడి చెయ్యి వెడ్త." చెప్తూనే ముసలాయన తువ్వాల చూశాడు. అది పరిచినట్టు లేదు. మధ్యలో ఉబ్బి, నలిగి ఉంది. కందీలు దాని మీదికి వంచాడు. "చెయ్యి ఎవలికిచ్చినవ్ బిడ్డా?"

గోవర్ధన్ బండిలోంచి పడినట్టుగా దిగాడు.

"ఎన్ని వేళ్లకు తెగింది?" కుర్మయ్య గుసగుసగా అడిగాడు.

"ఒకటి..."

"ఒకటంటె ఏంది?"

"ఒకటంటె... లక్ష."

"లచ్చ అని ముందుగాల నోటితోని జెప్పుకున్నరా? వేలంటె ఏంది, ఎంత, జెప్పుకోకుంట చెయ్యి వెట్టొద్దు. అంగట్ల వేలంటె వెయ్యైతది, పది వేలైతది, మాట్లాడుకున్న లెక్క. జెప్పుకున్నరా?"

గోవర్ధన్ తల అడ్డంగా ఊపాడు.

ముసలాయన కందీలు ఎత్తి అతని ముఖంలోకి చూశాడు. కళ్లలో భయం కంటే జాలి ఎక్కువుంది. అది ఇంకా భయంగా ఉంది.

"ఇంటికాడ ఎవరెవరుంటరు?"

"ఇద్దరమే," అన్నాడు గోవర్ధన్. "ఇప్పటికైతే... ఇద్దరమే."

కుర్మయ్య చేతిలో చెంబు ఒరిగింది. నీళ్లు కాళ్ల మీద పడుతున్నా చూసుకోలేదు.

"వద్దు కాకా! బండి నాకొద్దు!" గేటు ముందు వందమందికి వినిపించే ఆ గొంతు చీరుకుపోయి పిల్లి కూతలా వచ్చింది. "ఇంకా ఒక్క రూపాయైనా ఇయ్యలే. నాకొద్దు!"

"నాకు జెప్తె ఏం లాభం బిడ్డా," అన్నాడు ముసలాయన, బండి వైపు చూడకుండా. "పో. జల్ది ఇంటికి పో."

దారంతా అతను ఏమేమి గుర్తు చేసుకున్నాడో! అన్నిటికీ భౌతిక కారణముంటుంది. ముసలాయనకు కొడుకు పోయి మతి చలించింది. తలుపు తెరుచుకోదన్నది అబద్ధం. చదివిన పుస్తకాలన్నీ వరసపెట్టి పిలిచాడు. ఒక్కటీ పలకలేదు. చూపుడువేలికి మాత్రం తిమ్మిరి దిగలేదు.

మైలార్‌దేవ్‌పల్లిలో ఇల్లు చేరేసరికి కరెంటు వచ్చింది. సంతోషి గుమ్మంలోనే కూర్చుని మల్లెలు మాల కడుతోంది. ముఖం తేటగా ఉంది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"కొన్నవా దొరా?"

"లేదు. వద్దనుకున్న."

"అబ్బ, బుద్ధి వచ్చింది," అని నవ్వింది. చెయ్యి అందిస్తే పట్టుకుని లేచింది. "ఇయాల మంచిరోజు. నీకు బుద్ధొచ్చింది, గీనికీ బుద్ధొచ్చింది. పొద్దూకిన కాన్నుంచి ఒక్క తన్ను లేదు. హాయిగున్నది తెల్సా నడుముకు."

గోవర్ధన్ ఆమెను మంచం మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని, కడుపు మీద అరచెయ్యి ఆనించాడు. ఎదురుచూశాడు. వెచ్చగా ఉంది. అంతే. నెత్తి మీదుగా విమానం దిగింది. కిటికీ రెక్కలు గలగలలాడాయి. మంచం కదిలింది. చెయ్యి కింద ఏమీ కదల్లేదు.

"తన్నిండా?" నిద్రమత్తులో అడిగింది సంతోషి.

"ఆఁ," అన్నాడు. "తన్నిండు. నువ్వు పండుకో. పొద్దున దవాఖానకు పోదాం, ఊకెనే... ఒకసారి చూపిచ్చుకొద్దాం."

ఆమె ఊపిరి నిదానించింది. గోవర్ధన్ చెయ్యి తీశాడు. అప్పుడు కనిపించింది. చీర కొంగు మీద, కడుపుకు కుడివైపున, తడి మట్టి. నల్లగా, ఒక్క వేలు మందాన. గీసినట్టు లేదు. అదిమి చూసినట్టుంది.

కొంగు పక్కకు తీశాడు. చర్మం మీద కూడా ఉంది.

నీళ్లలో బట్ట ముంచి, ఆమె లేవకుండా మెల్లగా తుడిచాడు. వచ్చేసింది. బట్టకు మట్టి అంటింది. బట్ట పిండి మళ్లీ చూశాడు.

మరక ఉంది. ఇందాకటి చోట కాదు. బొడ్డుకు కాస్త దగ్గరగా.