ఓ పిల్లా, నల్లా బంద్ చెయ్!

"ఓ పిల్లా! నల్లా బంద్ చెయ్!"

తన మాట పైనున్న అమ్మాయికి అర్థమవుతుందని నర్సింగ్ అరవలేదు. ఒళ్లు మండి అరిచాడంతే. బహ్రెయిన్‌లో, సనాబిస్‌లోని ఒక సందులో, పక్క బిల్డింగు మూడో అంతస్తు బాల్కనీ కడుగుతున్న అమ్మాయికి జగిత్యాల తెలుగు ఎలా తెలుస్తుంది? తెల్లవారుజాము వానకి, తను కాపలా ఉండే బిల్డింగు బేస్‌మెంట్‌లో మడమల లోతు నీళ్లు నిలిచాయి. వైపరుతో తోసి తోసి నడుము పట్టేసింది. దాని మీద ఇప్పుడు పైనుంచి ఇంకో ధార!

ధార ఆగింది. బాల్కనీలోంచి ఒక ముఖం తొంగి చూసింది.

"ఎవరండీ నన్ను నల్లపిల్లా అన్నది?"

నర్సింగ్ చేతిలోని వైపరు జారిపోయింది. తెలుగు! అతను నోరు మూసుకునేలోపే ఆ అమ్మాయి మెట్లు దిగి, రెండు బిల్డింగుల మధ్య గోడకున్న చిన్న గేటు దగ్గరికి వచ్చేసింది.

"నేను నల్లగా ఉంటే మీ సొమ్మేం పోయిందండి?"

"నిన్ను ఎవరన్నరు? నల్లా అన్న. నల్లా! నీళ్లొస్తయి చూడు, అది!"

"కుళాయా?"

"మీ దిక్కు ఏమంటరో నాకేమెరుక?"

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే నేను నల్లగా లేనంటారా?"

ఇదెక్కడి చిక్కుప్రశ్న! నర్సింగ్ తల గోక్కున్నాడు. "నేను చూడలే. నీ కోపమొక్కటే కనవడ్డది."

ఆమె పెదవులు బిగబట్టింది. అయినా నవ్వు ఆగలేదు.

"సరే, ఇంకోసారి నీళ్లు కింద పొయ్యవు గద?"

"ఆయ్."

"అయ్యో, ఏం తాకింది?" నర్సింగ్ కంగారుగా ముందుకొచ్చాడు.

"ఏమీ తాకలేదండీ బాబూ! మా కోనసీమలో ఆయ్ అంటే సరేనని!"

ఆమె పేరు సాయికుమారి. మలికిపురం పిల్ల. ఆరేళ్లుగా ఉమ్ ఖాలిద్ అనే మేడమ్ ఇంట్లో పనిచేస్తోంది. మేడమ్‌తో అరబ్బీ, డ్రైవరుతో హిందీ, ఎదురు బిల్డింగు డాక్టరమ్మతో మలయాళం మాట్లాడుతుంది. ఒక పొద్దున అయిదు నిమిషాల్లో మూడు భాషలూ మార్చి మార్చి మాట్లాడుతుంటే నర్సింగ్ బకెట్టు నిండి పొర్లుతున్న సంగతి కూడా మరిచిపోయి చూశాడు. ఇంత మనిషి తనతో తెలుగులో నవ్వుతుందంటే అతనికి నమ్మకం కలగడానికి వారం పట్టింది.

ఆ తర్వాత రోజూ గేటు దగ్గర రెండు మాటలు. ఆమె చెత్తసంచీ పట్టుకుని వచ్చే వేళకి అతని డ్యూటీ సరిగ్గా అక్కడే పడేది. పడకపోతే అతనే పడేసుకునేవాడు.

అంతా బాగుందనుకుంటుండగా అతని బిల్డింగు పెద్ద అబూ యూసఫ్ పిలిచాడు. రిటైరైన బడి మాస్టారు. మనిషి మంచివాడే కానీ మాట కరుకు.

"ఇంకో వానకి బేస్‌మెంట్‌లో నీళ్లు కనబడితే నిన్ను హమద్ టౌన్ సైటుకి పంపమని కంపెనీకి చెబుతాను. ఖలాస్."

హమద్ టౌన్ ఏమంత దూరమని మీరనవచ్చు. కానీ నర్సింగ్‌కి సెలవు శుక్రవారం, సాయికుమారికి ఆదివారం సగం పూట. ఈ గేటు పోతే ఇక కలిసే దారి లేదు. మరునాడు అతను ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"ఏటైందండి?"

"నీళ్లు నేను ఆపుతనా చెప్పు? నాలుగు బిల్డింగులోళ్లు మోటార్లు పెట్టి సందులకే తోడుతరు. ఎన్ని తోడినా ఒడుస్తలేవు. నాకైతే వోయిన నీళ్లే మళ్లొస్తున్నయనిపిస్తది."

సాయికుమారి సందుని ఒకసారి చుట్టూ చూసింది. రెండు బిల్డింగులకి ఎదురుగా రెండు. ప్రతి మోటారు పైపూ పక్క బిల్డింగు ర్యాంపు వైపే తిరిగి ఉంది.

"అంటే మా నీళ్లు మీకు, మీవి డాక్టరమ్మగారికి, ఆవిడవి ఆ ఓడ నడిపిన తాతగారికి, ఆయనవి తిరిగి మాకానండి?"

నర్సింగ్ వేలితో పైపులని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. రెండు చలికాలాలు నీళ్లలో నిలబడి అతను అనుమానపడిన సంగతిని ఈ పిల్ల చెత్తసంచీ కింద పెట్టకుండానే తేల్చేసింది!

ఆ నాలుగు బిల్డింగుల్లో ఫ్లాట్ల యజమానులకి నాలుగు సంఘాలున్నాయి, నలుగురు పెద్దలున్నారు. ఒకటో దానికి ఉమ్ ఖాలిద్, రెండో దానికి అబూ యూసఫ్, మూడో దానికి డాక్టరమ్మ, నాలుగో దానికి ఒకప్పుడు ఓడలు నడిపిన ముసలాయన. ఎదురుపడితే సలాం చెప్పుకుంటారు. వాన పడితే అదీ ఉండదు.

"నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టాలండి," అంది సాయికుమారి.

"వాళ్లు రమ్మంటే వస్తరా?"

"రమ్మంటే రారు. సలహా ఇమ్మంటే పరిగెత్తుకొస్తారు. చూడండి మరి."

నాలుగిళ్లలోనూ పనిచేసేవాళ్లు ఆమె నేస్తాలే. డాక్టరమ్మ ఇంట్లో వీరలక్ష్మి, మిగతా రెండిళ్లలో మరో ఇద్దరు. నాలుగిళ్లలోనూ పొద్దుటి కాఫీతో పాటు ఒకే మాట అందింది: "శనివారం పదింటికి రెండో బిల్డింగు కారు షెడ్డు కిందికి మిగతా ముగ్గురూ మీ సలహా కోసం వస్తారట."

సాయికుమారి ఫోన్లో వాతావరణం చూసి చెప్పినట్టే, శనివారం పొద్దున్నుంచే ఆకాశం బరువుగా ఉంది. పదయ్యేసరికి నలుగురూ నర్సింగ్ బిల్డింగు ముందున్న కారు షెడ్డు కింద చేరారు. అదే సమయానికి వాన అందుకుంది. నాలుగు మోటార్లూ మొదలయ్యాయి. మాటలు కూడా మొదలయ్యాయి.

"మీరు పిలిచారనే వచ్చాను," అన్నాడు ముసలాయన.

"నేనెక్కడ పిలిచాను? నా సలహా కావాలన్నది మీరే కదా!" అన్నాడు అబూ యూసఫ్.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఉమ్ ఖాలిద్ మాత్రం ఎవరినీ చూడలేదు. నేరుగా సాయికుమారి వైపు తిరిగింది.

"సాయీ, నాతో అబద్ధం ఆడావా?"

నర్సింగ్ ఒక అడుగు ముందుకేశాడు. తన హమద్ టౌన్ సంగతి దేవుడెరుగు, తన వల్ల ఈ పిల్ల ఆరేళ్ల నమ్మకం పోతోంది. తప్పు నాదే అందామని నోరు తెరిచాడు. సాయికుమారి చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆడాను మేడమ్. ఒక్క పావుగంట నిలబడండి. తర్వాత ఏ శిక్షయినా వెయ్యండి."

ఆమె తల వంచలేదు. అంత పెద్దవాళ్ల ముందు అంత చిన్న మనిషి అలా నిలబడటం నర్సింగ్ ఎప్పుడూ చూడలేదు.

మోటార్లు నిండుగా తోడసాగాయి. అప్పుడు నీళ్లు రంగు మారాయి.

ఉమ్ ఖాలిద్ బిల్డింగు పైపులోంచి పచ్చగా వచ్చాయి. సందులో పాకి, వాళ్ల కాళ్ల ముందు నుంచే అబూ యూసఫ్ ర్యాంపులోకి దిగాయి. కాసేపటికి అతని మోటారు ఆ పచ్చనీళ్లనే బయటికి చిమ్మింది. అవి డాక్టరమ్మ బిల్డింగుకి, అక్కడి నుంచి ముసలాయన బిల్డింగుకి వెళ్లాయి. రంగు పలచబడుతూ, చుట్టూ తిరిగి, బయల్దేరిన గుమ్మానికే చేరాయి. సందంతా పెళ్లింటి గడపలా పచ్చగా మెరిసింది. వాన సైతం చూడటానికే ఆగినట్టు సన్నబడింది.

ముసలాయన వంగి, వేలు ముంచి వాసన చూశాడు. "కుర్కుమ్!" అన్నాడు ఆశ్చర్యంగా. వాళ్ల భాషలో పసుపు.

"మా ఊరి పసుపండి. కిలో," అంది సాయికుమారి. "మా బేస్‌మెంట్ గుంటలో పొద్దున్నే కలిపాను."

అందరికన్నా ముందు నవ్వింది అబూ యూసఫ్. "ముప్పై ఏళ్లు పిల్లలకి నీటి చక్రం పాఠం చెప్పాను. మా గుమ్మంలోనే తిరుగుతోందని ఇవాళ ఈ అమ్మాయి చెబితే తెలిసింది!"

ఆ నవ్వుతో కుర్చీలు వచ్చాయి, కుర్చీలతో కాఫీ, కాఫీతో ఒప్పందం వచ్చాయి. నాలుగు మోటార్లకీ కలిపి ఒకే పైపు, అది మెయిన్ రోడ్డు కాలువ దాకా. ఏ మోటారు ఎప్పుడు వెయ్యాలో నలుగురూ మాట్లాడుకోవడానికి ఫోన్లో ఒక గ్రూపు, దాని పేరు 'కుర్కుమ్'. నెలకోసారి ఇదే షెడ్డు కింద కూర్చోవడం. ఆ నాలుగు మోటార్లూ చూసుకునే పని నర్సింగ్‌ది. హమద్ టౌన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నెల తిరక్కుండా వెనక సందులోని మూడు బిల్డింగుల పెద్దలు కూడా తమని చేర్చుకోమని వచ్చారు.

ఆ శనివారం కుర్చీలోంచి లేస్తూ ఉమ్ ఖాలిద్ సాయికుమారి చెవి మెలిపెట్టింది. "ఇంకోసారి అబద్ధం ఆడాలంటే ముందు నాకు చెప్పి ఆడు."

తర్వాతి వానకి నర్సింగ్ బేస్‌మెంట్‌లోకి పరిగెత్తాడు. నేల పొడిగా ఉంది. అక్కడే చతికిలబడి, ఆ పొడి నేలని అరచేత్తో నిమిరాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక పసుపు పొట్లంతో ఏడు బిల్డింగులని కలిపిన మనిషి, తన కోసం ఆ పని మొదలుపెట్టింది! ఇక ఆగలేకపోయాడు.

గేటు దగ్గర ఆమె కనబడగానే, వారం నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. మిగిలింది ఒక్కటే.

"సాయీ, మనకంటూ ఒక ఇల్లుంటే, అండ్ల దాన్ని నల్లా అందామా, కుళాయి అందామా?"

ఆమె చెత్తసంచీ కింద పెట్టింది. అతని ముఖంలోకి చూసింది. గిరుక్కున తిరిగి మెట్లెక్కి వెళ్లిపోయింది.

నర్సింగ్ ఆమె వదిలేసిన చెత్తసంచీ వైపు చూశాడు. తొందరపడ్డాను, అంతా పాడుచేసుకున్నాను అనుకుంటూ గోడకి ఆనుకున్నాడు.

నడినెత్తిన ఒక చుక్క పడింది. వాన వెలిసి గంటయింది కదా అనుకుంటుండగానే ఇంకోటి పడింది. తర్వాత ధారే!

తలెత్తాడు. మూడో అంతస్తు బాల్కనీలో సాయికుమారి. పక్కన ఉమ్ ఖాలిద్ కాఫీ కప్పుతో నిలబడి, ఇద్దరినీ చూసి మురిసిపోతోంది.

"ఏమండోయ్!" కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది సాయికుమారి. "నల్లా విప్పి ఎంతసేపైందో! అరవరేం?"

నల్లా అంది. కుళాయి అనలేదు.

నెత్తి మీద నీళ్లు తుడుచుకోకుండానే, సందంతా వినబడేలా నర్సింగ్ అరిచాడు.

"ఓ పిల్లా! నల్లా బంద్ చెయ్!"

"ఆయ్!"