గోడవతల మిషన్

టక్... టక్... కంప్యూటర్ డబ్బాలోంచి మళ్లీ అదే చప్పుడు.

నిరోషా మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా దాని ముందే కూర్చుంది. పాలిటెక్నిక్ ప్రాజెక్టు కోసం ఏడాదంతా గీసిన ఇళ్ల ప్లాన్లన్నీ అందులోనే ఉన్నాయి. రేపు పొద్దున్నే వికారాబాద్‌లో కాలేజీకి పట్టుకెళ్లి ఇవ్వాలి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేద్దామంటే సగందాకా వచ్చి ఆగిపోతోంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అంతే.

"కొత్త హార్డ్ డిస్క్ ఏసి నెల గూడ కాలే. దీనికేం రోగమొచ్చింది?" అంది.

పక్కనే నిలబడ్డ చెల్లెలు భవ్యశ్రీకి ఆ రోగమేమిటో తెలుసు. ఆరో తరగతి చదివే ఆ పిల్ల అక్క వైపు చూడలేక గోడవైపు తిరిగింది.

తాండూరులో వాళ్ల ఇంటిని ఆనుకునే నాన్న పరమేశ్‌ది బండల పాలిషింగ్ షెడ్డు. మధ్యలో ఒకే గోడ. కంప్యూటర్ బల్ల ఆ గోడకే ఉంది. మిషన్ తిరిగితే చాలు, వంటింటి అరలో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. రోజూ వినే చప్పుడే కదా, ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

కిందటి నెల నాన్నతో వికారాబాద్‌లో కంప్యూటర్ షాపుకు వెళ్లింది భవ్యశ్రీయే. షాపతను ఒకే ధరలో రెండు రకాల డిస్కులు చూపించాడు. చిన్నది ఎస్‌ఎస్‌డీ. అందులో తిరిగేదేమీ ఉండదట, పని గబగబా అవుతుందట, కాకపోతే చోటు తక్కువ. రెండోదాంట్లో బోలెడు చోటు. కానీ దాని లోపల పళ్లెం గిర్రున తిరుగుతూ ఉంటుంది, దానికి అదురు అస్సలు పడదు.

"కంప్యూటర్ ఏడ పెడ్తరు పాపా? పక్కన మిషన్లేమన్న ఉన్నయా?" అని అడిగాడు.

నాన్న బయట ఫోన్లో బండల లోడు గురించి మాట్లాడుతున్నాడు. భవ్యశ్రీ కళ్లేమో చోటు ఎక్కువున్న దాని మీదే. ఎన్ని గేములు పడతాయో, ఎన్ని కార్టూన్లు పడతాయో!

"ఏం లెవ్వన్నా," అనేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో అప్పుడు ఆ మాట.

ఇప్పుడు మాత్రం నోరు పెగలడం లేదు. గోడవతల మిషన్ గర్రుమంటోంది. లారీ వచ్చి ఆగింది, ఇంకా సగం బండలకు పాలిష్ కాలేదని, రాత్రంతా మిషన్ నడపాలని నాన్న హైరానా పడుతున్నాడు. మిషన్ ఆపమంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే అక్క ఇక తన మొహం చూస్తుందా? చెప్పకపోతే అక్క కష్టమంతా పోతుందే!

నిరోషా బల్లమీద తల పెట్టుకుని ఏడ్చేసింది. అది చూశాక భవ్యశ్రీ ఆగలేకపోయింది. షెడ్డులోకి పరుగెత్తింది.

"నాయినా, మిషన్ జర బంద్ చెయ్యి. ఆ అదురుకే అక్క కంప్యూటర్ ఖరాబైతున్నది. షాపన్న అడిగితే పక్కన మిషన్ లేదని నేనే అబద్ధం చెప్పిన."

నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. ఒకసారి లారీ వైపు చూశాడు. స్విచ్ ఆపేశాడు.

ఇంట్లో గ్లాసుల గలగల ఆగింది. భవ్యశ్రీ తిరిగొచ్చి అక్కకూ జరిగిందంతా చెప్పింది. నిరోషా కళ్లు తుడుచుకుని మళ్లీ కాపీ మొదలుపెట్టింది. తెరమీద పచ్చగీత మెల్లగా జరిగింది. సగం దగ్గర ఆగింది. గీత మళ్లీ కదిలింది. చివరిదాకా పోయింది.

నిరోషా పెన్‌డ్రైవ్‌ను పిడికిట్లో పెట్టుకుని లేచింది. చెల్లెలితో మాట్లాడలేదు. నాన్న తిట్టలేదు గానీ, ఆలస్యమైందని లారీ డ్రైవర్‌తో మాటలు పడ్డాడు. ఆయన తలొంచుకుని వినడం చూస్తే భవ్యశ్రీకి తిట్లు తిన్నదానికంటే ఎక్కువ బాధేసింది.

తర్వాతి వారం ముగ్గురూ ఆ షాపుకే వెళ్లారు. ఈసారి ఏది కావాలని షాపతను అడిగేలోపే భవ్యశ్రీ ముందుకొచ్చింది.

"మా కంప్యూటర్ పక్క గోడకే బండల పాలిష్ మిషన్ ఉంటదన్నా. మొన్న నీకు అబద్ధం చెప్పిన. తిరగనిదే ఇయ్యి."

"అండ్ల చోటు తక్కువ. గేములు పట్టయి మరి."

"అక్క ప్లాన్లు పడ్తె సాలు."

వెనకనుంచి ఎవరో జడ పట్టి మెల్లగా లాగారు. తిరిగి చూడకుండానే భవ్యశ్రీకి తెలిసింది, అది అక్క చెయ్యేనని.