ఇంకో నాలుగు కిలోలు

తార్నాకలోని ఆ ఇంట్లో తెల్లవారగానే ముందు దీపం వెలిగేది, ఆ వెంటనే వైదేహి తూకం మిషను ఎక్కేది. మిషను కొన్న రోజే అత్తగారు కామాక్షమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గది గుమ్మం పక్కన పెట్టించింది. అంతకుముందు మిక్సీకీ ఫ్రిజ్జుకీ జరిగిన మర్యాదే దీనికీ జరిగింది. కాకపోతే మిక్సీ ముందు నిలబడి ఎవరూ రోజూ దండం పెట్టుకోలేదు.

"ఎంతుందే?" ఆ రోజూ అడిగింది కామాక్షమ్మ.

"నిన్నటంతే, అత్తయ్యా."

"మొన్నా అంతేగా! వాడి కళ్ళు చూశావా, ఎంత పచ్చబడ్డాయో?"

చూడకేం? పక్కన పడుకునే మనిషి కళ్ళు ఆమెకు కనబడకుండా ఎలా ఉంటాయి? తాగుడు అలవాటు లేని రఘువీర్‌కు కాలేయం చెడింది. ఇక మందులతో కాదు, ఎవరైనా తమ కాలేయంలో కొంత ముక్క ఇవ్వాల్సిందేనన్నారు డాక్టర్లు. తల్లికి వయసు మించింది, తమ్ముడిది సరిపడలేదు. సరిపడింది వైదేహిది ఒక్కటే. కానీ ఆమె కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. బరువు తగ్గితే ఆ కొవ్వు కరుగుతుంది, కరిగితేనే ఆపరేషను.

బరువు తగ్గడం వైదేహికి కొత్తేమీ కాదు. పెళ్ళికి ముందొకసారి తగ్గింది, పాప పుట్టాక ఇంకోసారి తగ్గింది. పోయిన బరువు ఊరికే తిరిగి రాకుండా చుట్టాలను కూడా వెంటబెట్టుకొచ్చింది. భర్త కోసం మూడోసారి మొదలుపెట్టినప్పుడు కాకరకాయ రసం తాగి కడుపు మాడ్చుకుని, యూనివర్సిటీ రోడ్డు మీద కళ్ళు తిరిగి పడిపోయింది. "ఇలా మాడితే మీ కాలేయమూ పాడవుతుంది, నిదానంగా తగ్గండి" అని డాక్టరు గట్టిగా కేకలేశారు. ఆ తర్వాత పద్ధతిగా తింటూ, నడుస్తూ మెల్లగా తగ్గింది. ఇంకో నాలుగు కిలోలు తగ్గితే ఆపరేషనుకు తేదీ ఇస్తామని ఆస్పత్రివాళ్ళు చెప్పిన దగ్గర్నుంచి మాత్రం తూకం కదలడం మానేసింది.

ఎందుకు కదలడం లేదో వైదేహికి తెలుసు. ఆ రోజూ క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి, వచ్చే దారిలో గేటు బయట పూరీ బండి దగ్గర ఆగింది. వేడి పూరీలు గబగబా మింగింది. రుచి తెలియలేదు. తింటున్నంతసేపూ గుండెల్లో దడ కాస్త తగ్గినట్టనిపించి, చెయ్యి కడుక్కోగానే మళ్ళీ మొదలైంది.

ఇంటికొచ్చి పాపను బడికి పంపి, ఊపిరి పీల్చుకునేసరికి తలుపు దగ్గర సింధూజ కనబడింది. పై వాటాలో అద్దెకుంటూ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల.

"అక్కా, నీ ఫోన్ పూరీ బండికాడనే మర్చిపోయినవ్! మనది ఒక్కటే ఇల్లని తెలుసు గద, ఆ అన్న నాకిచ్చిండు. రోజు వచ్చే అక్కదే, జర ఇవ్వుండ్రి అన్నడు."

వైదేహి గబుక్కున ఫోను అందుకుంది. వంటింట్లోంచి కామాక్షమ్మ గరిటెతోనే వచ్చింది.

"రోజూ వచ్చే అక్కా?"

"అయ్యో, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా ఆంటీ?"

"నువ్వు వెళ్ళమ్మా."

సింధూజ మెట్లెక్కే వరకూ ఆగింది కామాక్షమ్మ. అంతే, ఆ తర్వాత ఆగలేదు. "నా కొడుకు రోజులు లెక్కపెట్టుకుంటుంటే నీకు పూరీలు కావాల్సొచ్చాయా? నోరు కట్టుకోలేవూ? వాడి ప్రాణం నీ చేతిలో పెడితే ఇదా నువ్వు చేసేది?"

లోపలి గదిలోంచి రఘువీర్ గోడ పట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఆపు."

"నేనాపితే నువ్వు బతుకుతావట్రా?"

వైదేహి తలెత్తింది.

"నేను ఆకలై తినడం లేదత్తయ్యా. తగ్గితే తేదీ ఇస్తారని తింటున్నాను. తగ్గకపోతే ఆయన పోతారని భయం. తగ్గితే నన్ను కోస్తారు, నేను మళ్ళీ లేవనేమోనని భయం. పొద్దున్నే మిషనెక్కి, ఏ అంకె రావాలని దండం పెట్టుకోవాలో నాకే తెలియడం లేదు."

"నాతో ఒక్కమాట అనొచ్చుగా?" అన్నాడు రఘువీర్.

"ఏమనను? మిమ్మల్ని బతికించాలంటే భయమేస్తోందని మీతోనే చెప్పనా?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. "వద్దు వైదేహీ. ఆపేద్దాం. డాక్టరుతో నేనే చెప్తాను. పాపకి మనిద్దరిలో ఒక్కరన్నా..."

"ఇవ్వనని నేనన్నానా?" వైదేహి అరిచింది. "ఇస్తాను. భయపడుతూనే ఇస్తాను. ఆస్పత్రిలో నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి ఇష్టమేనా అని అడిగితే అవునన్నాను, అది అబద్ధం కాదు. కానీ భయంగా ఉందా అని ఈ ఇంట్లో ఒక్కరైనా అడిగారా? ఆపరేషను రోజు మీరంతా ఆయన తలుపు ముందే కూర్చుంటారు. మా అమ్మ కూడా లేదు. నన్ను తీసుకెళ్ళిన తలుపు ముందు ఎవరుంటారు?"

కామాక్షమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వైదేహి కళ్ళు తుడుచుకుని ఆస్పత్రికి తనే ఫోను చేసింది. పూరీల సంగతితో సహా అన్నీ చెప్పేసింది. డాక్టరు కేకలేస్తారనుకుంది, వెయ్యలేదు. రఘువీర్ ఇంకొన్ని వారాలు ఆగగలడని, కంగారుపడి మళ్ళీ మాడొద్దని, అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచి మునుపటిలా నడవమని చెప్పారు. భయం గురించి మాట్లాడటానికి ఆస్పత్రిలోనే ఓ మనిషి ఉన్నారని, మర్నాడే రమ్మని అన్నారు.

మధ్యాహ్నం కంచంలో పప్పు వడ్డిస్తూ కామాక్షమ్మ చెయ్యి ఆపింది.

"ఎక్కడ కోస్తారే?"

వైదేహి చీరమీదే వేలితో గీత గీసి చూపించింది. రొమ్ముల కింద నుంచి పక్కకి.

"అంత పొడుగునా!" కామాక్షమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్ని నెలల్లో ఆవిడ కోడలి బరువే చూసింది, ఒళ్ళు చూడలేదు.

మర్నాడు పొద్దున్న మోకాళ్ళ నొప్పులున్నా కామాక్షమ్మ తనూ నడకకి వస్తానని తయారైంది. క్యాంపస్ చెట్ల కింద పది అడుగులకొకసారి నిలబడుతూ వచ్చింది.

"మీతో నడిస్తే నేను తగ్గినట్టే, అత్తయ్యా!" అంది వైదేహి, నవ్వు తెచ్చుకుంటూ. లోపల దడ అలాగే ఉంది.

కామాక్షమ్మ నవ్వలేదు. కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకూ భయమేనే. రాత్రంతా నిద్రలేదు. వాడి దగ్గర వాడి తమ్ముడుంటాడు. నేను నీ తలుపు ముందు కూర్చుంటాను. నువ్వు కళ్ళు తెరిచి 'అత్తయ్యా' అని పిలిచాకే నా కొడుకు దగ్గరికి వెళ్తాను."

చుట్టూ యూనివర్సిటీ పిల్లలు పరుగులు తీస్తున్నారు. వైదేహి వాళ్ళెవరినీ పట్టించుకోకుండా, నడిరోడ్డు మీద అత్తగారిని కావలించుకుని పసిపిల్లలా ఏడ్చింది.