మిగులు లేని రోజు ఫోను

"ఎంత?"

ఫోనెత్తగానే ఆమె అనే మొదటి మాట అదే.

"హలో అంటే అరిగిపోతారా?" అన్నాడతను, మొదటిరోజే.

"హలోతో గ్యాస్ తయారవదండీ. ఎంత?"

అతనిది కరెంటు కంట్రోల్ రూమ్. ఎండ ముదిరి సోలార్ కరెంటు ఊరి అవసరాన్ని మించినప్పుడు, ఎన్ని మెగావాట్లు మిగిలాయో మురుగునీటి ప్లాంటుకి ఫోన్ చేసి చెప్పాలి. అక్కడ ఆమె ఆ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తుంది. మురుగు గ్యాస్‌లో మండకుండా మొరాయించే కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి దాన్ని ట్యాంకులోని సూక్ష్మజీవులకు మేపితే, అవి మీథేన్ చేసిపెడతాయి. అది ఊళ్లో పొయ్యిలకు వెళుతుంది.

ఒకసారి ప్లాంటు చూడ్డానికి వెళ్లి, గేటు దగ్గరే జేబురుమాలు తీశాడు. ఆమె చూడనే చూసింది. అప్పటినుంచి అతను 'ముక్కుగారు'.

"ముక్కుగారూ, నిన్న ఫోన్ లేదేం?"

"మబ్బేసింది కదండీ. ఏమీ మిగల్లేదు."

"అదే అంటున్నా. ఊరందరికీ వడ్డించాక అడుగూ బొడుగూ మిగిలితే తప్ప మేం గుర్తురాం."

ఆ మాట అతని లోపలికెళ్లి కుర్చీ వేసుకుని కూర్చుంది. 'మేం' అంటే ట్యాంకా, ఆమేనా? గడ్డం గీసుకుంటూ అద్దం ముందు రెండు విధాలా పలికి చూశాడు. మొదటిది నమ్మేలా ఉంది. రెండోది నమ్మాలనిపించేలా ఉంది. గడ్డం తెగింది.

ఇంతలో ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. సోమవారం నుంచి మిగులు సంగతి కంప్యూటరే నేరుగా ప్లాంటుకి చెబుతుంది. ఆమె గొంతు వినడానికి అతనికున్న ఒక్క సాకూ పోతుంది.

ఆఖరి శుక్రవారం పొద్దుటినుంచీ కుండపోత. తెరమీద మిగులు గీత నేలకి అతుక్కుపోయింది. అయినా ఫోన్ చేశాడు.

"ఎంత?"

నిజం చెబుదామనే నోరు తెరిచాడు. అలవాటు ముందు దూకింది. "పది."

ఫోనులో ఆమె వైపు కూడా వాన చప్పుడు వినిపిస్తోంది.

"ఈ వానలో పదా! సరే, మీ మాట కాదంటానా? ఆన్ చేస్తున్నా."

"వద్దొద్దండీ! చెయ్యి తియ్యండి! ఊళ్లో కరెంటు పోతుంది!"

"మరి పదన్నారు?"

"సున్నా. ఏమీ లేదు."

"సున్నా చెప్పడానికి ఫోనెందుకు?"

"సోమవారం నుంచి కంప్యూటర్..."

"తెలుసు. దానికి ముక్కు లేదట. ఏడిపించడానికేం ఉంటుంది?"

దాక్కోవడానికి ఇక అంకె లేదు. అంకె లేకుండా ఆమెతో మాట్లాడటం ఇదే మొదలని అతనికి తోచింది.

"మీతో మాట్లాడాలనిపించి చేశాను. మబ్బేసిన రోజు ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. ఒకసారి కలుద్దామా? ఆదివారం ఖాళీయే."

అటు నవ్వు. "ఆదివారమా? అంటే మళ్లీ మిగిలిందేగా! ట్యాంకులో జీవులు సర్దుకుంటాయి, నేను సర్దుకోను. ఎండ కాసే పనిరోజు, మిట్టమధ్యాహ్నం, సెలవు పెట్టి రండి."

"అప్పుడే కదండీ ఇక్కడ నాతో పని!"

"అందుకే."

వాతావరణం చూసుకుని మేనేజర్ గదిలోకి వెళ్లాడు.

"మంగళవారమా?" మేనేజర్ కళ్లజోడు తీశాడు. "కొత్త సాఫ్ట్‌వేర్‌కి మొదటి ఎండయ్యా! ఆ రోజే ఏమిటి?"

"ఆ రోజే రమ్మంది సార్."

అనేశాక గానీ తెలియలేదు, ఇన్నాళ్లూ 'అన్నారు' దగ్గరే నిలబడ్డవాడు ఒక్క అంగలో 'అంది' దాకా వచ్చేశాడని. చెవులు వేడెక్కాయి.

మేనేజర్‌కి సంగతి అర్థమైంది. ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు.