పన్నెండంకెల తాళం

"మనిషి ప్రాణాలతో కావాలి," అన్నాడు చీఫ్. "అర్థమైందా, సూదీ?"

ఏజెంట్ సూది టేబుల్ మీది ఫోటో వైపు చూశాడు. అందులో నెమలి అనే మారుపేరున్న ఆడమనిషి నవ్వుతోంది. రహస్య సంకేతాలు చూసే సైఫర్ సెక్షన్‌లో టైపిస్టుగా చేరి, విదేశీ ముఠాకు రహస్యాలు చేరవేసిన డబుల్ ఏజెంట్. అక్కడే సంఖ్యల నిపుణుడిగా పనిచేసే సూది అన్నయ్యతో పెళ్లి కుదుర్చుకుంది. పోయిన నెల అతని కాఫీలో విషం కలిపి మాయమైంది. ఆమెను సూది నోరారా 'వదినా' అని పిలిచేవాడు. ఇప్పుడా పిలుపు తలచుకుంటేనే ఒళ్లు మండుతోంది.

"టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ కింద బాంబు పెడుతోందని కబురు. పైన మూడొందల మంది ఉన్నారు. నీ కక్ష తర్వాత తీర్చుకుందువుగాని."

"సరే సార్," అన్నాడు సూది. పచ్చి అబద్ధం.

ఆ మధ్యాహ్నమే లిఫ్ట్ మెకానిక్ వేషంలో సెల్లార్‌లోకి దిగాడు. కేబుళ్ల చాటున పట్టు స్కార్ఫ్, ఎర్ర గ్లవ్స్‌తో నెమలి అప్పుడే స్విచ్ వేసి లేస్తోంది.

"లిఫ్ట్ అటువైపు," అంది తలెత్తకుండానే.

మరుక్షణం ఆమె చేతికి బేడీ పడింది. దాని రెండో కొసను సూది బాంబు పక్కనున్న నీటిపైపుకు తగిలించాడు.

నెమలి బెదరలేదు. బాంబు పెట్టె తెర మీద ఒక సంఖ్య వెలుగుతోంది: 999985999949. దాని కింద రెండు ఖాళీ గడులు. పక్కన టైమర్ పరిగెడుతోంది.

"ఏ రెండు సంఖ్యల్ని గుణిస్తే అది వస్తుందో కొట్టు, ఆగిపోతుంది. రెండూ ప్రధాన సంఖ్యలే మరిదిగారూ, ఒకటితో, తమతో తప్ప దేనితోనూ తెగవు. ఒక్కోటీ వెతుక్కుంటూ కూర్చుంటే నీ పని తెల్లారినట్టే. ఇంతకంటే గట్టి తాళం లేదని మీ అన్నే నేర్పాడు. బేడీ విప్పు, చెబుతాను."

"కూర్చో వదినా. తొందరేముంది?"

సూది పెన్సిల్ తీసి గోడ మీద రాయసాగాడు. సంఖ్య లక్ష కోట్లకు కాస్త తక్కువ. అంటే దాని వర్గమూలం పది లక్షలకు కాస్త తక్కువ. లోటు దాదాపు కోటీ నలభై లక్షలు; పది లక్షల్లోంచి ఒకటి తగ్గిస్తే వర్గం ఇరవై లక్షల దాకా తగ్గుతుంది కాబట్టి ఏడు తగ్గించి చూశాడు. 999993 వర్గం 999986000049. తెర మీది సంఖ్య కంటే సరిగ్గా వంద ఎక్కువ. వంద అంటే పది పదులు, అంటే అదీ ఒక వర్గమే; రెండు వర్గాల తేడా అంటే ఆ రెండు సంఖ్యల తీసివేతనూ కూడికనూ గుణించినట్టే.

జవాబు దొరికింది. అయినా గడుల జోలికి పోలేదు. పెన్సిల్ జేబులో పెట్టుకుని ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"సూదీ, ఆమెను అడుగు!" చెవిలో దాచుకున్న ఇయర్‌ఫోన్‌లో చీఫ్ కేక.

టైమర్ చూసి నెమలి పాలిపోయింది. "పిచ్చెక్కిందా? ఇద్దరం పోతాం! చెప్తా విను, మొదటిది తొమ్మిది, తొమ్మిది..."

"నోర్ముయ్! నీ నోటి నుంచి నాకేమీ వద్దు. అన్నయ్య ఊపిరాడక ఇలాగే గింజుకుని ఉంటాడు. ఇంకాస్త భయపడు."

ఆమె ఏడ్చింది. సూదికి హాయిగా ఉంది. ఆ హాయికి సిగ్గు కూడా వేసింది. పైఅంతస్తులో ఎవరో పకపకా నవ్వారు. ఆ మూడొందల మందీ ఒక్కసారిగా గుర్తొచ్చారు. గబగబా 999993లోంచి పది తీసి ఒక గడిలో, పది కలిపి రెండో గడిలో కొట్టాడు. 999983. 1000003.

టైమర్ ఒక్క సెకను దగ్గర ఆగింది.

"ఎలా..." గొణిగింది నెమలి.

"పది లక్షలకు ఇటొకటి, అటొకటి ఏరుకున్నావు. అంత దగ్గరగా ఉంటే వాటి మధ్య సంఖ్య ఇట్టే దొరుకుతుంది. అది దొరికితే రెండూ దొరికినట్టే. ఒకదానికొకటి దూరంగా ఉన్నవి తీసుకోవాలి."

"ఆ సంగతి మీ అన్న చెప్పలేదే!"

"చెప్పేవాడే," అన్నాడు సూది, చెమట తుడుచుకుంటూ. "పాఠం పూర్తిగా విన్నాక చంపాల్సింది, వదినా."